మొదలు తీగ, తర్వాత గోడ

రాధామనోహరం తీగను ఎప్పుడు కత్తిరించాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పూత అయిపోయి, చలి ముదిరి, ఆకులు రంగు తప్పి రాలుతున్నప్పుడు కత్తెర పట్టాలి. కొత్త కొమ్మకే పువ్వు వస్తుంది. పాత కొమ్మ మీద మమకారం పెట్టుకుంటే ఆకులు తప్ప ఏమీ దక్కవు. మూరెడు ఎత్తున మూడు నాలుగు లావు కాడలు ఉంచి పైనదంతా తీసెయ్యాలి. కోత కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా పడాలి. రాలిన ఆకుల తొడిమలు ముళ్లయి కూర్చుంటాయి కాబట్టి చేతులకు పాత చొక్కా చుట్టుకోవాలి. ఇంత చేస్తుంటే ఇంట్లోవాళ్లు వచ్చి పచ్చటి తీగను పాడు చేస్తున్నావంటారు. అననివ్వాలి.

ఇదంతా నాకు నేర్పింది గోడ అవతలి ఆపా. అక్కను వాళ్లు అట్లా అంటారు, నేనూ అట్లాగే పిలుస్తాను. వరంగల్‌లో మా ఇల్లు, వాళ్ల ఇల్లు ఒక్క గోడకు అటూ ఇటూ ఉంటాయి. మాది జంపఖానాలు నేసిన ఇల్లు. మా మామ పోయాక మగ్గం తీసేశారు, మిగిలిన నూలు కండెలు నా ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆపా వాళ్లాయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆమె నాకంటే పదేళ్లు పెద్దది. మేం మాట్లాడే తెలుగే ఆమె కూడా మాట్లాడుతుంది, కోపం వస్తే మాత్రం ఉర్దూలోకి పోతుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో పెన్సిలంత పుల్లను తడిగుడ్డలో చుట్టి గోడ మీంచి అందించింది. "మీ దిక్కు ఎండ మంచిగ పడతది, నువ్వే పెట్టుకో చెల్లె" అంది. అట్లా మా పెరట్లో గోడ మొదట్లో పాతాను. పాతికేళ్లలో అది రెండిళ్ల మీదా పడింది.

గోడ నా భుజం ఎత్తు ఉంటుంది. నేను పొట్టిదాన్ని, అయినా గిన్నె అందించడానికి సరిపోతుంది. ఆపా రంజాన్‌కు సేమ్యా పంపితే ఆ గిన్నెలో నేను ఏదో ఒకటి వేసి తిరిగి ఇస్తాను. ఏమీ లేకపోతే ఒక గుత్తి పూలు వేస్తాను. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు పొద్దునకు గులాబీ రంగు, మర్నాటికి ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి. ఖాళీ గిన్నె మాత్రం ఇటు నుంచి అటు గానీ, అటు నుంచి ఇటు గానీ ఎన్నడూ పోలేదు.

ఆ గోడ మీద మా బావ కన్ను పడింది. ఆయన మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం. సీజన్లో ఆయన ఇంట్లోకి వస్తే ముందు ఘాటు వస్తుంది, వెనక ఆయన వస్తాడు. ఆయన ఇల్లు, మా ఇల్లు ఒకే ఆవరణలో ఉన్నాయి. కారు కొన్నాక పెరడు సగం సిమెంటు చేయించాడు. తర్వాత ఎండిన పూలు కారు అద్దానికి అతుక్కుంటున్నాయన్నాడు. తర్వాత తీగ ఉంటే పాములొస్తాయన్నాడు. పాతికేళ్లలో ఆ తీగలో నాకు తొండలు, పిచ్చుక గూళ్లు కనిపించాయి. పాము ఒక్కటీ కనిపించలేదు. ఆ మాటే ఆయన మొహం మీద చెప్పాను. అప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు.

"తీగ తీసేసి గోడ ఇంకో నాలుగు ఫీట్లు లేపాలమ్మా. రోజులు బాగలేవు."

నాకు ఒళ్లు మండింది. రోజులకేమైంది? టీవీలో ఎవరో అరిచినందుకు, ఫోన్లో ఎవరో పంపినందుకు, పాతికేళ్లు నా గిన్నె నింపిన మనిషికి నేను అడ్డం కట్టుకోవాలా? "రోజులు బాగలేకుంటే బాగలేని దిక్కు కట్టుకోండి బావా. ఆ దిక్కు బాగనే ఉన్నది" అన్నాను. బావ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయాడు. ఆ మనిషి ఎప్పుడూ అంతే.

ఈ విషయం ఆపాకు చెబితే ఆమె ఇంకా కోపం తెప్పించింది. "కట్టుకోనీయ్ చెల్లె. ఆయన గోడ, ఆయన ఇష్టం. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది. ఫికర్ చెయ్యకుండా ఎట్లా ఉంటాను? ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది. ఇలాంటి మాటలకు ఆమె అలవాటు పడిపోయిందని అప్పుడర్థమైంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. దాచడానికేం లేదు, గల్లీ అంతా చెప్పుకుని నవ్వింది.

ఆ ఏడు వానాకాలంలో వచ్చిన జ్వరం తగ్గింది కానీ వేళ్ల నొప్పులు పోలేదు. కత్తెర నొక్కలేకపోయాను. చలి ముదిరింది, తీగ కత్తిరించే అదును దాటిపోతోంది. నర్సంపేట నుంచి వచ్చి మా దగ్గర చెట్లు కొట్టే పని చేసే ఒకాయనను పిలిచాను. అదే రోజు నేను దవాఖానకు పోవాలి. ఆటో వాడు గేటు ముందు హారన్ కొడుతున్నాడు. ఒక కాలు ఆటోలో పెట్టి పని చెప్పాను.

"తమ్మీ, మొదలు కొట్టు. తర్వాత గోడ మీద పడ్డదంత గుంజు."

"మొదలా అక్కా?"

"ఆ, మొదలే. నేను వచ్చేదాక ఆగకు."

మా దగ్గర మొదలంటే ముందు అని. మొదలు తిను, తర్వాత మాట్లాడు అంటాం. మొదలు కొమ్మలు కొట్టు, తర్వాత గోడ మీదిది లాగు అని నా భావం. చెట్టు మొదలు కూడా మొదలే కదా. కొమ్మలు అనే ఒక్క మాట ఆ తొందరలో నా నోట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గోడ బోడిగా ఉంది. పాతికేళ్ల తీగ పెరట్లో కుప్పగా పడి ఉంది. మొదలును గొడ్డలితో నేలకు సమంగా కొట్టేశాడు. నా చెయ్యంత లావు కాడ, నడుమ చీలిపోయి కనిపించింది.

"ఏం చేసినవ్ తమ్మీ" అన్నాను.

"మొదలు కొట్టుమన్నవు కదక్కా. మస్తు గట్టిగున్నది, గొడ్డలి రెండుసార్లు నూరుకున్న" అన్నాడు మెచ్చుకుంటానని నిలబడి.

అతన్ని తిట్టి లాభం లేదు. అతను అడిగాడు, నేను ఔనన్నాను. నా నోరే నా కొంప ముంచింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

బావ మర్నాడు పొద్దున్నే మేస్త్రీకి ఫోన్ చేశాడు. "సగం పని నువ్వే చేసినవమ్మా. ఇగ గోడ లేపుదాం" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు ఏడుపు పోయి మొండితనం వచ్చింది.

"ఉగాది దాక ఆగండి బావా. అప్పటికి చిగురు రాకుంటే గోడ లేపుకోండి. నేను నోరెత్త."

"చిగురొస్తె?"

"గోడ ముచ్చట ఎత్తొద్దు."

మిర్చి సీజన్ మొదలవుతోంది, ఆయనకూ తీరిక లేదు. సరేనన్నాడు. ఆయన లెక్కలో నేను ఓడిపోయినట్టే. నా లెక్కలోనూ దాదాపు అంతే, కానీ పైకి ఒప్పుకునే రకాన్ని కాదు.

రెండు నెలలు ఆ మోడుకు సేవ చేశాను. చీలికలో నీళ్లు నిలవకుండా మట్టి, పసుపు కలిపి మెత్తాను. చుట్టూ పాదు చేసి మేక ఎరువు వేశాను. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోశాను. గల్లీలో పోయేవాళ్లు గేటు దగ్గర ఆగి "ఏందక్కా, కట్టెకు నీళ్లు పోస్తానవ్, పొయ్యిల పెట్టవా" అని అడిగేవాళ్లు. "మీ ఇంట్ల పొయ్యి సంగతి చూసుకోండి" అనేదాన్ని. మా ఆయన ఒకరోజు మెల్లగా, నర్సరీకి పోయి కొత్తది తెచ్చుకుందామన్నాడు. కొత్తది తెస్తే ఆ పుల్ల ఆపా ఇచ్చినదవుతుందా అని అడిగాను. మళ్లీ చెప్పులు వెతుక్కున్నాడు.

వారానికోసారి బెరడును గోటితో గీకి చూసేదాన్ని. మొదట్లో లోపల పచ్చగా ఉండేది. శివరాత్రికి పసుపు తిరిగింది. ఉగాది వారం రోజులుందనగా గోధుమ రంగుకు వచ్చింది, గీకితే పొడి రాలింది. అప్పటికీ నీళ్లు పోయడం మానలేదు. ఓడిపోయే రోజు వరకు ఓడిపోకూడదని ఒకటే పంతం.

ఆ ఏడు ఉగాది, రంజాన్ పక్కపక్కనే వచ్చాయి. ఉగాది నాటి సాయంత్రం గిన్నెలో ఉగాది పచ్చడి పోసుకుని గోడ దగ్గరికి పోయాను. ఆపా రోజా ఉంది, పొద్దు మునిగాకే నోట్లో పెట్టుకుంటుంది. మా పెరట్లో బావ, మేస్త్రీ దారం పట్టుకుని గోడ కొలుస్తున్నారు. ఆపా గిన్నె అందుకుంది. నేను "ఇయ్యాలనే ఆఖరు ఆపా. ఇగ గేటు చుట్టు తిరిగి రావాలె" అన్నాను. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆమె నా మొహం చూసింది. బావ వైపు చూసింది. వాళ్ల దిక్కు గోడ పక్కన బోర్లించి ఉన్న గంపను పైకి లేపింది.

కింద మూడు చిగుళ్లు. జానెడు ఒకటి, బెత్తెడు రెండు. లేత ఎర్రటి ఆకులు. నమాజుకు ముందు వాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కునే నల్లా అక్కడే ఉంది. మా దిక్కు సిమెంటు పోసి నేలను ఎండబెడితే, వేరు నీళ్లను వెతుక్కుంటూ గోడ కింది నుంచి అటు పోయింది.

"ఎన్ని రోజులాయె ఇది లేచి?"

"పది రోజులు. మేకలు తింటయని కప్పి పెట్టిన."

"పది రోజుల సంది నోట్లె ఏం పెట్టుకున్నవ్ ఆపా? నేను అక్కడ కట్టెకు నీళ్లు పోసుకుంట చస్తాన."

"పందెం మీ దిక్కుది కద చెల్లె. నా దిక్కు మొలిచిందని చెప్తె మీ ఇంట్ల లొల్లి అయితదని ఊకున్న. నా వల్ల లొల్లి వద్దు."

ఆ మాటకు నాకొచ్చిన కోపం ఆమె మీద కాదు. వెనక్కి తిరిగి బావను పిలిచాను. ఆయన వచ్చి గోడ మీద చేతులానించి వంగి చూశాడు. 

"ఇది వాళ్ల దిక్కు మొలిచిందమ్మా."

"దిక్కు ముచ్చట మనం అనుకోలె బావా. చిగురన్నం. వేరు మనదే, కావాలంటే తవ్వి చూపిస్త. ఈ గోడ మీరన్నంత ఎత్తుంటే మీరు ఇట్ల వంగి చూసేవాళ్లా?"

ఆయన నిటారుగా నిలబడ్డాడు. మేస్త్రీ దారం చుట్టాలో విప్పాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆపా గిన్నె పట్టుకుని తల దించుకుని నిలబడింది.

"సరే, మొదలు గోడ కానీయ్. తర్వాత తీగ సంగతి చూద్దాం" అన్నాడు బావ.

మొదలు. ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది.

"లేదు బావా. మొదలంటే ఏందో సరిగ్గ చెప్పక నేను ఒకసారి మునిగిన. ఇప్పుడు సరిగ్గ చెప్తాన. మొదలు తీగ, తర్వాత గోడ. తీగ గోడెక్కాలె, మన దిక్కు దిగాలె, పూయాలె. ఆ పూసుడు అయిపోయినంక మీ గోడ ముచ్చట ఎత్తుండి. అప్పటిదాక ఇటుక పెడితె నా మీద పెట్టుండి."

ఇంటి పెద్దకు ఎదురుగా నిలబడి అంత మాట అనడం అదే మొదటిసారి. గోడ దగ్గర నుంచి కదల్లేదు. బావ మేస్త్రీతో "రేపు ఫోన్ చేస్త పో" అన్నాడు. మసీదులో అజాన్ వినిపించింది. ఆపా అక్కడే నిలబడి ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, తర్వాత పచ్చడి తాగింది. వేపపువ్వు చేదుకు మొహం ముడుచుకుని, "ఇంకొంచెం పొయ్" అంది.

మర్నాడు ట్రంకు పెట్టె తెరిచి జంపఖానా నూలు తీశాను. మెత్తటి నూలు, లేత కొమ్మను కొయ్యదు. అటు నుంచి ఆపా చిగురును ఎత్తి పట్టుకుంది, ఇటు నుంచి నేను దారం వదులుగా చుట్టి మేకుకు ముడేశాను. వానలు పడేసరికి తీగ గోడ దాటింది. దసరాకు ముందు మా దిక్కున తెల్లగా విచ్చింది.

వేళ్లు నొప్పిగానే ఉన్నాయి, అయినా ఇప్పుడు తీగను నేనే కత్తిరిస్తాను. అటు సగం ఆపా కత్తిరిస్తుంది. ప్రతి చలికాలం బావ కారు తుడుచుకుంటూ అడుగుతాడు.

"ఏమమ్మా, అయిపాయెనా పూసుడు?"

"ఇంకా లేదు బావా" అని చూపిస్తాను. తీగంతా మూరెడుకు కొట్టేసినా, గోడ మీద పూలున్న కొమ్మ ఒకటి కొయ్యకుండా ఉంచుతాను. పాత కొమ్మ ఉంచకూడదని నాకు తెలుసు. ఆపాకూ తెలుసు. అయినా ఆ కొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం కత్తెర పక్కన పెట్టేస్తాం.