బాపు చావుపాట, నా సీడీలు

కొత్త సీడీ డబ్బాకు చుట్టిన పల్చటి పొరను గోటితో చీల్చగానే ఒక వాసన వస్తుంది: కొంత అచ్చురంగు, కొంత ప్లాస్టిక్, కొంత మళ్లీ కొన్నానన్న భయం. మొన్న జపాన్ నుంచి వచ్చిన డబ్బా విప్పినప్పుడు మొయినాబాద్‌లోని మా ఇల్లు ఇల్లంతా తుమ్మింది. మా ఆవిడ మాత్రం తుమ్మలేదు. అల్మారా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "గదే పాట మళ్ల తెచ్చినవా?" అంది. ఆమె తప్పేమీ లేదు. అల్మారా నిండా ఉన్నది ఒకే ఒక్క జాజ్ రికార్డు. ఎప్పుడో అమెరికాలో ఒకాయన తన బృందంతో కలిసి ట్రంపెట్ ఊదిన ఆ రికార్డును ప్రపంచంలోని కంపెనీలన్నీ వంతులు వేసుకుని మళ్లీ మళ్లీ సీడీలుగా తెస్తుంటే, నేను కొనకపోతే వాళ్ల పిల్లలు పస్తులుంటారన్నంత శ్రద్ధగా కొంటూ వచ్చాను.

నా చిన్నప్పుడు చేవెళ్ల పక్క ఊళ్లో ఉండేవాళ్లం. బాపు అంటే మా నాన్న, అవ్వ అంటే మా అమ్మ. బాపు బ్యాండుమేళంలో ట్రంపెట్ వాయించేవాడు. ఊపిరి బిగబడితే ఆయన బుగ్గలు రెండూ చెరో టమాటా గంపంత అయ్యేవి. గట్టిగా ఊదితే షాబాద్ సంతలో మేకలు చెవులు నిక్కించేవని ఆయనే చెప్పేవాడు, మేకలు ఏనాడూ కాదనలేదు. ఒక క్రిస్మస్‌కు చర్చిలో ఆయన ఊదింది విని మురిసిపోయిన మిషన్ బంగ్లా దొర, తన దేశానికి తిరిగి వెళ్లిపోతూ ఒక రికార్డు ప్లేయరును, దానితోపాటు అట్ట చిరిగిన ఆ ఒక్క జాజ్ రికార్డును బాపు చేతిలో పెట్టిపోయాడు.

ఊళ్లో పగలు కరెంటు ఉండేది కాదు. చలికాలం పొద్దు గూకే వేళ, కడిగిన క్యారెట్ల మట్టివాసన, రేపటి మార్కెట్టుకు కట్టిన కొత్తిమీర కట్టల వాసన, పండుగ దగ్గర పడితే అవ్వ వేయించే కజ్జికాయల్లాంటి గర్జెల వాసన ఒకదాన్నొకటి తోసుకుంటూ వాకిట్లోకి వస్తున్నప్పుడు కరెంటు వచ్చేది. మేము గాజు గోటీలాట ఎక్కడిదక్కడ వదిలి లోపలికి పరుగెత్తేవాళ్లం. బాపు కాళ్లూ చేతులూ కడుక్కుని, తలకు కొబ్బరినూనె రాసుకుని, ఫొటో దిగడానికి కూర్చున్నట్టు కూర్చుని, కోడి ఈకతో ప్లేయరు సూది తుడిచి, పురిటిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినంత మెల్లగా రికార్డు పెట్టేవాడు. అప్పుడు దగ్గినవాడికి రెండు రోజులు గర్జెలు బంద్.

పాట ఒక పెద్ద నిట్టూర్పులా మొదలయ్యేది. అడుగు తీసి అడుగు వేయలేని పాట. ఆ ట్రంపెట్ ఏడుపుకు మా ఇంటి దూలం కూడా కొంచెం వంగిందని నా నమ్మకం. బాపు కళ్లు తుడుచుకుని, "ఎవలను పోగొట్టుకున్నడో పాపం" అనేవాడు. ఎవరిని పోగొట్టుకున్నా సరే, ఆ పాటను బాపు మేళం మొత్తానికి నేర్పాడు. చావులకు అదే వాయించారు. పటేళ్ల ఇంట్లో పెద్దమనిషి పోయినా, మా పాస్టరు తల్లి పోయినా, గండిపేట దాకా అదే పాట. ఒకసారి ఒక పటేలు కొడుకు, "గా దొర పాట కొట్టనిదే మా నాయిన కదలడు" అని పాడె ముందు అడ్డం నిలబడ్డాడట.

తర్వాత ప్లేయరు కాలిపోయింది. రికార్డు ఎండకు పళ్లెంలా వంగితే అవ్వ దానిలో వడియాలు పెట్టింది. మేళం పోయి డీజేలు వచ్చాయి. నాకు ఉద్యోగం వచ్చాక, చిరిగిన ఆ అట్టమీది బొమ్మ గుర్తుపట్టి మొదటి సీడీ కొని, ఊరేగింపుగా తెచ్చి బాపుకు వినిపించాను.

పాట గెంతింది. మెట్లమీద గోటీల సంచి ఒంపినట్టు ట్రంపెట్ దడదడా దూకింది. బాపు ముఖం మాడిపోయింది.

"ఏందిర గిది? పీనుగను మోస్తున్నరా, దొంగను తరుముతున్నరా?"

నేను తెచ్చిన సీడీ మంచిది కాదేమో అనుకున్నాను. ఇక మొదలైంది. జర్మనీది తెస్తే, పాత రికార్డు గురగుర లేకుండా తుడిచీ తుడిచీ ట్రంపెట్‌కు తడి తువ్వాలు చుట్టారు. ఇంకొకదాన్లో చప్పుడు ఎంత పెంచారంటే అది లారీ హారన్‌కు తోబుట్టువు. వేరొకదాన్లో డ్రమ్ములాయన నా ఎడమ చెవిలోనే కాపురం పెట్టాడు. మరొకదాన్లో వాద్యకారుడు ఉమ్ము మింగడం కూడా వినిపించింది. అన్నీ విని బాపు ఒకటే మాట అనేవాడు: "మనిషి గాయినే. పాట గాదు."

పోయిన ఏడాది దవాఖానలో బాపు చెవులు చూసి, ఇంక ఎక్కువ రోజులు వినపడదని చెప్పారు. ఇంటికి వచ్చేదారిలో ఆయన నా భుజం పట్టుకున్నాడు. "నా సావుకు గా పాటే పెట్టాలె. చెవులున్నప్పుడే దొర్కబట్టి ఇనిపియ్యి, నేను అవునన్నంకనే పెట్టాలె. గీ ఉరుకుడు పాట పెడితివో, పెట్టెల కెల్లి లేసి కూసుంట." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అందుకే జపాన్‌ది. అదే ఆఖరి ఆశ. చెవి మిషను సరిచేసి, స్పీకరు పక్కనే కూర్చోబెట్టి పెట్టాను. అదే గెంతులు, ఇంకా శుభ్రంగా. బాపు తల అడ్డంగా ఊపాడు. అప్పటిదాకా చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వ తలెత్తకుండానే అంది:

"గప్పుడు కరెంటు గిట్ల ఉండెనా? కరెంటు రాంగనే అందరు బాయికాడ మోటర్లేస్తుండ్రి. బల్బు ఎర్రగయ్యేది, పాట గుంజుకపోయేది. యాదికి లేదా?"

అయ్యో. ఆ అమెరికా ఆయన ఎవరినీ పోగొట్టుకోలేదు. ఓల్టేజీ చాలక మా ప్లేయరు నెమ్మదిగా తిరిగింది, అంతే. ఆ దుఃఖమంతా మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌ది. మూడు మండలాల పెద్దమనుషులను మేము డాన్సు పాటతో సాగనంపాము.

బాపు స్పీకరును ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. "అయితె అయింది. నాకు గదే గావాలె."

గుంజుకుపోయిన ఆ పాటను ఏ దేశంలోనూ ఎవరూ సీడీగా వేయలేదు, వేయరు. చేసేది లేక కంప్యూటరులో పెట్టి, వేగం తగ్గించాను. నిట్టూర్పు మొదలైంది. బాపు కళ్లు మూసుకున్నాడు, వెంటనే తెరిచాడు.

"గిట్ల ఒక్క తీరుగ పోకపోయేది. గీడ యాదిరెడ్డి పటేలు మోటరేస్తడు, దిగాలె. ఊఁ, ఇంకా. ఇగో, గీడ బంద్ జేస్తడు. జర లేపు."

యాదిరెడ్డి పటేలు పొలంలో ఇప్పుడు విల్లాలున్నాయి. బావి ఎక్కడుండేదో గేటు దగ్గర కాపలా మనిషికి కూడా తెలియదు. కరెంటు ఎంత బాగుందంటే బల్బు రెప్ప కూడా కొట్టదు. కొత్తిమీర కట్టేవాళ్లు లేరు, పీనుగ ముందు ఊదేవాళ్లు లేరు. ఆ మోటార్ల వరస తెలిసిన మనిషి ఇక ఒక్కడే మిగిలాడు. ఆయన చేయి గాల్లో దిగితే నేను వేగం దించాను, లేస్తే లేపాను. ఏ మోటరు ఎక్కడ పడుతుందో నాకు అంతుపట్టలేదు. ఆయన చేయి చూసుకుంటూ గుడ్డిగా వెళ్లాను.

పాట అయిపోయింది. బాపు కళ్లు మూసుకునే ఉన్నాడు, పాట ఇంకా వింటున్నట్టు ఆయన చేయి మెల్లగా కిందికి దిగుతూనే ఉంది. అవ్వ నా వైపు చూసింది. అయిపోయిందని బాపుకు చెప్పకుండా, చప్పుడు లేని ఆ వేగాన్ని ఆయన చేతితోపాటే దించుతూ కూర్చున్నాను.