ఒక్క బోల్టూ విప్పని మనిషి

బుధవారం ఉదయం మా పై అంతస్తు అంకుల్ చనిపోయారు. సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లో మా బ్లాకు కింద, లిఫ్టు పక్కన ఉండే సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో ఇక్కడివాళ్లు ప్రాటా అనే పరోటాల పొట్లం ఉంది. రెండో అంతస్తులో ఉండే మలయ్ ఆవిడ పలకరిస్తే పలకలేదు. కునుకు పట్టిందనుకుని ఆవిడ మార్కెట్‌కి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అదే బల్ల మీద అలాగే ఉన్నారు. అంబులెన్సు వచ్చింది. గుండె అన్నారు. ఆయనకు గుండెజబ్బు ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు.

ఇవన్నీ నేను అడిగి రాసుకున్న వివరాలు. ఆంటీ ఫోన్ చేసి విషయం చెప్పినప్పుడు నేను మొదట అన్న మాట, "ఎవరు చెప్పారు?" అని.

"ఒకరు చెప్పడమేంటయ్యా, నా ఎదురుగానే ఉన్నారు" అంది ఆంటీ.

చాలా ఏళ్లుగా రిపోర్టరుగా మరణవార్తలు రాస్తున్నాను. పైన ఉన్న మొదటి వాక్యం రాసి, చెరిపి, మళ్లీ రాశాను. ముందురోజు సాయంత్రమే ఆయన మా తలుపు కొట్టారు. "శనివారం పొద్దున్నే కింద ఉండాలి. పాస్‌పోర్టు మర్చిపోకు. చెప్పులేసుకుని రాకు, బూట్లు" అని చెప్పి, కుర్చీ చూపించినా కూర్చోకుండా మెట్లెక్కి వెళ్లిపోయారు. చెప్పుల గురించి అంత జాగ్రత్త చెప్పిన మనిషి మర్నాడు ప్రాటా తినకుండానే పోతారని నేనెలా అనుకుంటాను?

శనివారం సంగతి తెలియాలంటే ముందు కారు సంగతి తెలియాలి.

ఆయన దగ్గర ఒక పాత కిట్ కారు ఉంది. డెబ్బైలలో కొందరు ఫైబర్‌గ్లాస్‌తో పోసిన కారు పైగుల్లను, దాని సామగ్రిని పెట్టెల్లో తెప్పించుకుని, పాత బీటిల్ కారు అడుగుభాగం మీద తమ చేతులతోనే బిగించుకునేవాళ్లు. ఇది అలాంటిది. రెండే తలుపులు, మోకాలికి కాస్త పైకి వచ్చే బానెట్టు, ఇంజిను వెనకాల. కాజ్‌వే వంతెన అవతల, మలేషియాలోని జోహోర్‌లో, ఒక వర్క్‌షాపు షెడ్డులో ఎవరో వదిలేసి పోతే ఈయన తీసుకున్నారు. సింగపూర్ రోడ్ల మీద దాన్ని తిప్పడం దాదాపు కుదరని పని అని ఆయనకు తెలుసు. అందుకే అక్కడే ఉంచి, ప్రతి శనివారం బస్సెక్కి వెళ్లి చూసి వచ్చేవారు. 'చూసి' అనే మాట తెలిసే రాస్తున్నాను. ఏళ్ల తరబడి ఆ కారుకి ఆయన ఒక్క బోల్టూ విప్పలేదు. ప్లాను వేశారు.

ఆయన ఉద్యోగమే అది. విశాఖపట్నంలో ఓడల మరమ్మతు దగ్గర మొదలుపెట్టి, ఇక్కడి షిప్‌యార్డులో రిటైరయ్యారు. మరమ్మతుకు వచ్చే ఓడలకు ప్లానింగు చూసేవారు. ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే ఏ రేకు ఎవరు కోయాలో, విప్పిన పంపు ఏ మూల పెట్టాలో ఈయన తేల్చేయాలి. "ఓడని డాక్‌లోకి తెచ్చాక ఆలోచిస్తే దాన్ని ఆలోచన అనరయ్యా, కంగారంటారు" అనేవారు. కారు విషయంలోనూ అదే పద్ధతి. "విప్పడానికేం, ఎవడైనా విప్పుతాడు. విప్పింది ఎక్కడ పెడతావో ముందు చెప్పు."

ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి ఆయన ఎంచుకున్న చోటు తన ఫ్లాటు హాలు. నేల మీద తెల్ల టేపుతో కారును అసలు కొలతల్లో గీశారు. చక్రాలు, సీట్లు, ఇంజిను, పెట్రోలు ట్యాంకు అన్నీ ఉన్నాయి. సోఫాని గోడకు నెట్టేశారు. టేపు ఊడిన చోట కొత్త టేపు వేసేవారు తప్ప గీతలు ఎప్పుడూ తీయలేదు.

"నా హాల్లో నాకే పార్కింగు లేదు" అని ఆంటీ వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. ఒకసారి వరలక్ష్మీ వ్రతానికి పిలిచిన వాళ్లందరినీ చాప మీద కూర్చోబెడితే, అంకుల్ వంటగది గుమ్మంలోంచి చూసి, "అమ్మా, మీరు కాస్త ముందుకి జరగాలి, ఇంజిను మీద కూర్చున్నారు" అన్నారు. ఆవిడ నిజంగానే లేచి జరిగింది. ఆంటీ తాంబూలం ఇస్తూ, "వెనక సీట్లో వాళ్లకి కూడా అందిందా?" అని అడిగింది. అంకుల్ ఒక్కరే నవ్వలేదు. "దీనికి వెనక సీటు లేదు కదే" అన్నారు.

బుధవారం సాయంత్రం ఆయన్ని ఆ హాల్లోనే పడుకోబెట్టారు. తల ముందు చక్రాల వైపు, కాళ్లు ఇంజిను వైపు. ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ హాల్లో ఉన్న చోటే అంత. వచ్చినవాళ్లు గీతలు తొక్కకుండా పక్కనుంచి నడవడం చూశాను. ఏళ్లుగా అలవాటైన నడక.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఫైబర్‌గ్లాస్ పొరలు లోపల విడిపోతే పైకి కనిపించదు. నాణెంతో మెల్లగా కొడుతూ పోతే బాగున్న చోట టక్కుమంటుంది, విడిపోయిన చోట బొదబొదమంటుంది. ఆయన శనివారాలు చాలావరకు అలా కొట్టి వినడంలోనే గడిచాయి. చెడ్డ చోట సుద్దతో సున్నా చుట్టేవారు. అది చెయ్యికి ఎంత అలవాటైందంటే, కూర్చున్న బల్ల, బస్సు కిటికీ, పుచ్చకాయ, ఏది దొరికితే దాన్ని కొట్టి వినేవారు. ఒకరోజు మా వంటింటి తలుపు కొట్టి విని, "ఇది మంచి చెక్క కాదయ్యా" అన్నారు. ఆ తర్వాత తలుపు వేసినప్పుడల్లా మా ఆవిడ ఆయన్నే తిట్టుకునేది.

ఫైబర్‌గ్లాస్ గురించి ఆయన చెప్పే మాట ఒకటుంది. "ఇది తుప్పు పట్టదు గానీ అలుగుతుంది." తలుపులు లేని గుల్లను, లోపల చెక్కలు అడ్డం బిగించకుండా పైకెత్తితే మెలి తిరిగిపోతుందట. తర్వాత తలుపులు చచ్చినా సరిగా పడవట. కింద ఇనుప చట్రం తుప్పుపట్టింది కాబట్టి ఎప్పటికైనా గుల్లను ఎత్తి పక్కన పెట్టక తప్పదు. ఆ రోజు ఎప్పుడని అడిగితే, "ఇప్పుడే కాదు" అనేవారు.

ఆ రోజును స్థలం యజమాని నిర్ణయించాడు. షెడ్డు ఉన్న స్థలం తిరిగి ఇచ్చెయ్యమని వర్క్‌షాపు అతనితో అన్నాడు. ఆదివారం పాత ఇనుము వాళ్ల లారీ వస్తుంది, ఆ లోపు తీసుకెళ్లనిదంతా తుక్కుకే. అంకుల్ ఆ వార్తకు కంగారు పడలేదు. ఆయన దగ్గర ప్లాను ఉంది. కారు గుల్లేమో ఫైబర్‌గ్లాస్ పడవలు పోసే షెడ్డుకి, చట్రమేమో వెల్డింగు షాపుకి. రెండు చోట్లా మాట్లాడారు. లారీ మాట్లాడారు. అంతకు ముందు శనివారం వెళ్లి, గుల్లలో చెక్కలు స్వయంగా బిగించి వచ్చారు. ఎత్తడానికి వచ్చేవాళ్లలో ఎవరెక్కడ నిలబడాలో కూడా చెప్పారు. నాది వెనక కుడివైపు. "కబుర్లు చెప్పకుండా ఎత్తాలి, నీకు కష్టమే" అన్నారు. ముందు ఎడమ మూల ఆయనది.

గురువారం మండాయ్ శ్మశానవాటికలో దహనం అయింది. మేమంతా ఇంటికి వచ్చి కూర్చున్నాం. అప్పుడు అంకుల్ ఫోన్ మోగింది. టీవీ పక్కన చార్జింగులో ఉంది. ఎవరూ కదల్లేదు. రెండోసారి మోగితే ఆంటీ లేచి తీసింది.

"బాస్, శనివారం లారీ కన్ఫర్మ్ లా?" అన్నాడు అవతల లారీవాడు. గదిలో అందరికీ వినపడింది.

ఆంటీ "చెప్తాను" అని పెట్టేసింది.

ఇక్కడే టాంపినీస్‌లో ఉండే ఆవిడ అన్నయ్య మొదట మాట్లాడారు. మెత్తని మనిషి. రెండు రోజులుగా అన్ని పనులూ ఆయనే చూస్తున్నారు. "పదకొండో రోజు దాకా గడప దాటకూడదమ్మా. మైలలో పాస్‌పోర్టు పట్టుకుని ఇంకో దేశం వెళ్తావా? అది పోతే పోనీ. మనిషే పోయాక కారేం చేసుకుంటావు?"

కూతురు కూడా అదే అంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. "అమ్మా, లెట్ ఇట్ గో లా. ఎవరు చేస్తారు అదంతా? డాడీ కూడా చెయ్యలేదు కదా."

ఆ చివరి మాటకు ఆంటీ తలెత్తి చూసింది.

"చెయ్యలేదా? రోజూ చేశారే. నేను కూర మాడబెట్టుకుంటూ విన్నాను, ఏ బోల్టు తర్వాత ఏ బోల్టో. నువ్వు చెవుల్లో అవేవో పెట్టుకుని వినలేదు."

"సో వాట్, నువ్వు చేస్తావా?"

"నేనెక్కడ చేస్తానే. కానీ శనివారం అన్నారు, శనివారం అవుతుంది. ఆదివారం వాళ్లెవరో సుత్తులతో పగలగొడుతుంటే నేనిక్కడ దీపం ముందు కూర్చోలేను." అన్నయ్య వైపు తిరిగింది. "అన్నయ్యా, ఆయనుంటే నన్ను ఇంట్లో ఉండనిచ్చేవారా? టీ ఫ్లాస్కు పట్టుకుని రమ్మనేవారు. తప్పయితే తిరిగొచ్చి తలస్నానం చేస్తాను."

అన్నయ్య నా వైపు తిరిగి, "నాకూ బూట్లు కావాలా?" అని నన్నడిగారు.

శనివారం ఆంటీ, కూతురు, అన్నయ్య, నేను బయల్దేరేసరికి కాజ్‌వే మీద ఎప్పటిలాగే జనం. ఇమిగ్రేషన్ వరసలో ఆంటీ నా ముందు నిలబడింది. రెండుసార్లు పెట్టినా మిషను ఆమె వేలిముద్ర తీసుకోలేదు. ఆంటీ చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది.

వర్క్‌షాపు యజమాని జోహోర్‌లోనే పుట్టిన తెలుగువాడు. తాతల నాటి తెలుగు మాట్లాడతాడు, మధ్యలో మలయ్ దొర్లుతుంది. అంకుల్ పోయిన విషయం లారీవాడి ద్వారా తెలుసుకున్నాడు. ఆంటీని చూసి చేతులు తుడుచుకుని నిలబడ్డాడు.

"నువ్వు వస్తావని అనుకోలేదమ్మా. బోల్టులన్నీ ఇప్పినాను. ఆయన చెప్పిన వరసలోనే. ఒకటి ముందర ఇప్పితే తిడతాడు గదా."

"తిట్టేవారా?"

"ఓయ్, చాలా. స్పానర్ పట్టుకుంటే చాలు, 'ఆగు, ముందు చెప్పు' అంటాడు." నవ్వబోయి ఆగిపోయాడు. "ఇప్పుడు ఏడికమ్మా? పడవల షెడ్డుకా, తుక్కుకా? తుక్కుకంటే ఎత్తే పనే లేదు. ఆదివారం వాళ్లే వచ్చి కోసుకుని పోతారు."

"పడవల షెడ్డుకి."

"అప్పుడు ఒక మనిషి తక్కువ."

అన్నయ్య ముందుకు వచ్చారు. కానీ అప్పటికే ఆంటీ కొంగు నడుముకు చుట్టి దోపుకుని, కారు ముందు ఎడమ మూలకు వెళ్లి నిలబడింది. కూతురు ఆమె వెనక నిలబడింది. అన్నయ్య అటువైపు తిరిగి, ఖాళీగా ఉన్న ఇంకో చోట చెయ్యి వేశారు.

"పెగాంగ్ బాగా, గట్టిగా పట్టుకోండి అందరూ. నేను చెప్పినప్పుడే" అన్నాడు యజమాని.

ఎత్తాం.

నేను బరువుకు సిద్ధపడి మోకాళ్లు వంచి ఉన్నాను. అంత అవసరం లేకపోయింది. గుల్ల ఒక్క చప్పుడు కూడా చెయ్యకుండా చట్రం మీంచి పైకి లేచింది. ఎక్కడా మెలి పడలేదు. చెక్కలు కిర్రుమనలేదు.

"ఇంతేనా?" అంది ఆంటీ. "ఇంత తేలికా ఇది? నాకెప్పుడూ చెప్పలేదే."

ఎత్తి చూసినవాళ్లు అంతవరకు ఎవరూ లేరు, ఆయనతో సహా.

షెడ్డు బయటికి తెచ్చాం. లారీ మీదికి ఎక్కించడానికి గుల్లను పక్కకి వంచాల్సి వచ్చింది. ఆంటీ ఉన్న వైపు వాళ్లు లోపలికి చేతులు చాపి పైకప్పును ఆపారు. మేం బయటివైపు ఉన్నాం. ఆ పైకప్పు మీది రంగు కారు పాత యజమాని ఎప్పుడో గీకేసి వదిలేశాడు. తూర్పు ఎండ అవతలి నుంచి, గుల్ల లోపలివైపు, సూటిగా దాని మీద పడింది. ఫైబర్‌గ్లాస్ మొత్తం తేనె రంగులోకి మారింది. లోపలి నేత బట్టనేసినట్టు పోగు పోగు కనిపించింది.

"పెలాన్, పెలాన్" అంటున్నాడు యజమాని, మెల్లగా మెల్లగా అని.

ఆ వెలుతురులో ఆంటీ అరచెయ్యి నీడ, విప్పిన అయిదు వేళ్లతో, గుల్లకు ఆనించి ఉంది. మణికట్టు దగ్గర ఇంకా తీసెయ్యని గాజులు. లారీ మీదికి జరిపేంతవరకు ఆ చెయ్యి అక్కడినుంచి కదల్లేదు.