పటికలో మీసాలు

ఈ ఉదయం మా వరండాలో పటిక కాల్చిన వాసన వస్తోంది. నాలుగు రోజులుగా ముసురు పట్టి కువైట్‌లోని మా అబ్బాసియా వీధుల్లో నీళ్ళు నిలిచాయి. కింద కూరగాయల కొట్టువాడు జనం నడవడానికి అట్టపెట్టెలు విప్పి పరిచాడు. పక్క ఫ్లాటు భాగ్యం కొడుక్కి జ్వరం తగ్గడం లేదు. దిష్టి తగిలిందని ఆవిడ పెనం మీద పటిక వేసి పొంగిస్తోంది. తడి గోడ ఎండుతున్నట్టు, నాలుకకు వగరు అంటినట్టు ఉండే ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను మళ్ళీ పదేళ్ళ పిల్లనైపోయి, జహ్రా దాటాక ఎడారిలో సగం లేచిన ఒక ఇంటి ముందు, గోళ్ళ సందుల్లో నల్ల రంగుతో, చేతులు స్వెట్టరులో దాచుకుని నిలబడి ఉంటాను.

మా బాపు కట్టుబడి పనుల ఫోర్మన్. అమ్మ నర్సు. శుక్రవారాలు నాకు బడి సెలవు, అమ్మకు డ్యూటీ పడేది, బాపు చేసే పనికి సెలవు ఉండేది కాదు, అందుకని నన్ను వెంట తీసుకుపోయేవాడు. జహ్రాలో ఉండే ఒక కువైటీ ఆసామి తన మజ్రాలో, అంటే ఖర్జూరపు చెట్లూ గొర్రెల దొడ్డీ ఉన్న ఊరి బయటి తోటలో, కొత్త ఇల్లు కట్టిస్తున్నాడు. చలికాలం పోకముందే ఇల్లు కావాలి, వసంతంలో చుట్టాలంతా అక్కడికే వస్తారు అని ఆయన తొందర. ఆ యేడు వానలు ఆయన తొందరను లెక్కచేయలేదు. ఆకాశం వారాల తరబడి సిమెంటు రంగులోనే ఉండేది. ఇసుక కాస్తా బురదై చెప్పులు లాగేసుకునేది, గాలి గోనెపట్టాల కిందినుంచి దూరి ఎముకలు కొరికేది. జగిత్యాల నుంచీ నిజామాబాద్ నుంచీ వచ్చిన ఏడుగురు పనివాళ్ళు రంగు డబ్బాలో చెక్కముక్కలు మండించి, చుట్టూ గొంతుక్కూర్చుని, నల్లటి చాయ్‌లో ఖుబూస్ రొట్టె ముంచుకు తినేవాళ్ళు. ఎవరికో ఊరినుంచి సకినాలు వస్తే అందులో విరిగినవన్నీ నావే. నేను పగిలిన పాలరాతి ముక్కను బిళ్ళగా చేసుకుని, స్లాబు కింద పొడిగా ఉన్న చోట బొగ్గుతో గళ్ళు గీసి, ఒంటికాలి మీద నాకు నేనే పోటీగా ఆడుకునేదాన్ని.

ఆ ఏడుగురిలో పెద్దమేస్త్రి మల్లయ్య. బాపును అన్నా అనేవాడు, నాకు మల్లయ్య కాక. అతని చేతిలో తాపీ గోడకు మెరుగు పెడుతున్నప్పుడు రొట్టె మీద నెయ్యి రాసినంత చప్పుడైనా వచ్చేది కాదు.

సంక్రాంతి దాటాక ఒక గురువారం పడమటి గోడ కూలింది. మనిషి పోలేదుగానీ ఒకతని పాదం నలిగింది. పని ఆగింది. మరుసటి రోజు శుక్రవారం, బాపుతో నేనూ వెళ్ళాను. “గీ ఇంటికి దిష్టి బాగ దాకిందన్నా. దారిన వొయ్యే ప్రతి కారు ఆగి సూత్తంది. బొమ్మ గట్టందే మేం పరంజ ఎక్కం,” అన్నాడు మల్లయ్య కాక. మిగతా ఆరుగురూ తలలూపారు.

గోడ ఎందుకు కూలిందో చెప్పడానికి ఇప్పుడు నాకు సంకోచం లేదు. తడిసిన బ్లాకుల మీద, పచ్చి సిమెంటు మాలు గట్టిపడకముందే, ఒక్క రోజులో లేపకూడనంత ఎత్తు లేపారు. లేపమన్నది మా బాపు. పైన టార్పాలిన్ కప్పించనిదీ బాపే. దేవుడి పటానికి కూడా దండం పెట్టని మనిషి, దిష్టి అంటే పగలబడి నవ్వే మనిషి, ఆ రోజు మాత్రం నవ్వలేదు. “కట్టుకోండ్రి, ఏంజేత్తం,” అన్నాడు. దిష్టి అనే మాట ఆ రోజు ఆయనకు పనికొచ్చింది. మూఢనమ్మకాన్ని అమాయకుల అజ్ఞానమని తేలిగ్గా కొట్టిపారేసే పండితులతో నేను ఈనాటికీ పోట్లాడేది అందుకే. నమ్మేవాడి భయం వెనకాల, నమ్మకపోయినా దానితో అవసరం తీర్చుకునేవాడు ఒకడుంటాడు. నేను అతన్ని మా ఇంట్లోనే చూశాను.

ఆ పూటే గోనెసంచిలో గడ్డి కూరి కాక బొమ్మ చేశాడు. తలకు కుండ లేదు, డిస్టెంపర్ డబ్బా బోర్లించాడు. బొమ్మకు తొడగడానికి చొక్కా కావాలి. రంగులు తుడుచుకోమని యజమాని ఇంటినుంచి పంపిన పాతగుడ్డల మూటలో వెతికింది నేను. ఇక్కడి మగవాళ్ళు వేసుకునే పొడవాటి తెల్ల దిష్‌దాషా ఒకటి దొరికింది. “కాకా, ఇది ఏద్దాం, దూరానికి కూడా కనబడ్తది,” అన్నాను. ముఖం గీసిందీ నేనే, ఎనామిల్ నల్ల రంగుతో.

“మీసాలు పెద్దగ పెట్టు బిడ్డా. మీసం లేకుంటే దిష్టి గూడ లెక్కజెయ్యది.”

“నీ అసొంటియా కాకా?”

“నా అసొంటియి పెడితె దిష్టి నవ్వుకుంట లోపలికే అస్తది. మీ బాపుయి పెట్టు!”

అందరూ నవ్వారు. ఆ చలికాలంలో అక్కడ వినిపించిన ఆఖరి నవ్వు అదే.

వారం తిరక్కుండా యజమాని చిన్న కొడుక్కి జ్వరం తగిలి దిగలేదు. తరవాతి శుక్రవారం ఉదయం యజమానితోపాటు అతని తల్లి వచ్చింది. ఇక్కడ పనివాళ్ళు యజమానురాలిని మామా అంటారు, అందుకని మేమంతా ఆవిడను పెద్దమామా అనేవాళ్ళం. వచ్చినప్పుడల్లా నా గుప్పిట్లో ఖర్జూరాలు పెట్టే ముసలావిడ ఆ రోజు నా వైపు చూడలేదు. ఇంటి నాలుగు మూలలా సాంబ్రాణి పొగ వేయడానికి వచ్చి, పరంజ కొసన వానకు తడిసి వేలాడుతున్న బొమ్మను చూసింది. దించమంది. జేబు దగ్గర పాత సిరా మరక పట్టుకుని చూసి, గట్టిగా కేక పెట్టింది. అది తన కొడుకు దిష్‌దాషా.

మనకు అది దిష్టిబొమ్మ. ఆవిడ కళ్ళకు మాత్రం కన్నకొడుకు బట్ట తొడిగి ఉరితీసిన మనిషి. ‘సిహర్’ అంది. చేతబడి. ఈ దేశంలో ఆ మాట ఒకసారి పోలీసు ముందు పడిందంటే పనివాడి బతుకు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఏడుగురు పనివాళ్ళనూ బాపునూ వరండా కింద వరసగా నిలబెట్టారు. బాపులా పనివాళ్ళెవరికీ అరబ్బీ రాదు. బడిలో నేర్చినదీ పెద్దమామా మనవళ్ళతో ఆటల్లో అబ్బినదీ నాకు కొంత వచ్చు.

రంగు డబ్బాలోని నిప్పులమీదే ఆవిడ పటిక వేసింది. చెడు చేసినవాడి రూపం అందులో తేలుతుందట. మా అమ్మమ్మ ఊళ్ళోనూ అచ్చం ఇదే మాట అనేవాళ్ళు. వాన చూరునుంచి కారుతోంది. పటిక చిటపటమని, చెమర్చి, తెల్లగా పొంగింది. ఆవిడ వంగి చాలాసేపు చూసింది. నేను స్వెట్టరులో వేళ్ళు ముడుచుకున్నాను.

“షవారిబ్,” అంది. మీసాలు.

ఎనిమిది మంది మగవాళ్ళకూ మీసాలున్నాయి. ఆవిడ కళ్ళలో అప్పటికే ఉన్నది నేను గీసిన మీసాలు. అంతకుముందే చూసిందాన్ని పొంగిన పటికలో మళ్ళీ చూసింది. ఈ సంగతి పదేళ్ళ నా బుర్రకు ఆ క్షణంలోనే తట్టింది. నా హేతువాదం పుట్టింది ఏ పుస్తకంలోనో కాదు, ఆ నిప్పుల డబ్బా దగ్గరే. పుట్టింది గానీ నోరు తెరవలేదు.

యజమాని బాపు మీసాల వైపు చూస్తున్నాడు. బాపు ముఖం పాలిపోయింది. అప్పుడు మల్లయ్య కాక నేలచూపులతోనే, మెల్లగా అన్నాడు.

“అన్నా, నేనే గట్టిన అని చెప్పు. నీకు ఎరుకని చెప్పకు. ఈ పిల్ల సదువు ఆగమైతది.”

బాపు చెప్పాడు, అతనే కట్టాడట అని.

“ఇంకోటి గూడ చెప్పన్నా. శెడు జెయ్యలే. వాళ్ళింటికి దిష్టి దాకద్దనే గట్టినమని చెప్పు.”

యజమాని అడిగాడు, ఇంకా ఏదో అంటున్నాడు, ఏమిటి?

ఆ సంగతి వివరిస్తే, నీకు ముందే తెలుసా అన్న ప్రశ్న వస్తుంది.

“మాకూ,” అన్నాడు బాపు అరబ్బీలో. ఏమీ లేదు అని.

ఇది మీ మంచికే కట్టింది, చొక్కా ఇచ్చింది నేను. ఈ రెండు ముక్కలూ అరబ్బీలో నా నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. కాక తలెత్తి నావైపే చూశాడు. నేను చేతులు ఇంకా లోపలికి లాక్కున్నాను.

యజమాని చెడ్డవాడు కాదు. పోలీసుల్ని పిలవలేదు. “ఖలాస్. ఈ మనిషి నా గడపలో ఉండకూడదు,” అన్నాడంతే. మరో శుక్రవారం వచ్చేలోగా కంపెనీ కాక వీసా రద్దుచేసి ఊరికి పంపేసింది. పిల్లవాడి జ్వరం మందులకు తగ్గింది. గోడ టార్పాలిన్ కింద, రోజుకింత అని, నెమ్మదిగా లేచి నిలబడింది. గృహప్రవేశానికి గొర్రెను కోసి, పెద్ద పళ్ళెంలో మచ్‌బూస్, మాంసం కలిపి వండిన అన్నం, పెట్టారు. నేను కడుపునిండా తిన్నాను. గేటు మీద అరచేయంత నీలం గాజు కన్ను వేలాడుతోంది, దిష్టి తగలకుండా. రెండు జాతుల భయం ఒకటే. ఎవరి భయం అలంకారమో, ఎవరి భయం నేరమో తేల్చేది ఆ ఇల్లు ఎవరి పేరున ఉందన్నదే.

చాలా ఏళ్ళకు జగిత్యాల దగ్గర కాక ఊరికి వెళ్ళాను. క్షమాపణ కంఠతా పట్టుకుని వెళ్ళాను. పిల్లర్లు లేచి ఆగిపోయిన ఇంటిమీద రేకులు వేసుకుని ఉన్నాడు. నన్ను మాట్లాడనివ్వలేదు. “బాపు బాగున్నాడా? ఆ పడమటి గోడ ఎట్లున్నదే? పెచ్చులూడలే గద?” అని అడిగాడు.

బాపు ఇప్పుడు లేడు, కాకా లేడు. ఆ తోట చేతులు మారింది, ఇల్లు పడగొట్టి ఎవరో కొత్తది లేపారు, పడమటి గోడ కూడా పోయింది. నిప్పుల డబ్బా చుట్టూ విరిగిన సకినాలు నాకిచ్చిన మిగతా ఆరుగురిలో ఎవరు ఎక్కడున్నారో తెలియదు. వేదికలెక్కి నేను దిష్టిని చీల్చి చెండాడుతుంటాను. చప్పట్లు కొడతారు. ఆ దిష్‌దాషా సంగతి మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. ఇదే మొదటిసారి.

తలుపు చప్పుడైంది. భాగ్యం, చేతిలో పెనం. “టీచరుగారండీ, మీరు నమ్మరనుకోండి, కానీ ఒక్కసారి చూడండి. ఇది ఎవరి మొహంలా ఉందండీ?”

“ఎవరి మొహమూ కాదు. వేడికి నీరు పోయి పొంగిన పటిక. పిల్లాణ్ణి తీసుకురా, నా కారులో ఆస్పత్రికి పోదాం,” అన్నాను.

అన్నానే గానీ, ఆ మాట అనేముందు పెనంలోకి వంగి మీసాల కోసం వెతికాను.