రౌటర్ మావయ్య లెక్క

రౌటర్ మావయ్యని మీరు ఒక్కసారైనా చూసి తీరాలి. వీధిలో అందరూ ఆయన్ని పిలిచేది అలాగే. పదేళ్లనాటి రౌటర్‌ని నాలుగు సీసా మూతల మీద నిలబెట్టి, జ్వరం చూసినట్టు రోజూ దాని మీద అరచెయ్యి ఆనించి చూస్తారు. ఇంట్లో ఎవరు ఎంత నెట్ వాడుతున్నారో గీతలు గీసి చూపించే లెక్క ఒకటి అందులో పెట్టుకున్నారు. ఫోన్‌లో ఆ గీతలు చూడందే ఆయనకి ముద్ద దిగదు. నిన్న పదకొండింటికి కూతురికి వీడియోలో ఉద్యోగం ఇంటర్వ్యూ. పదిన్నరకి సరిచూసుకుంటే బొమ్మ ఎక్కడిదక్కడే ఆగిపోతోంది.

“నాన్నా, ఆ ముసలి రౌటర్ ఓపికంతా నీ లెక్కలకే సరిపోతోంది. ఇంక పనెప్పుడు చేస్తుంది? ఆపెయ్!”

“లెక్కాపత్రం లేని ఇల్లు ఇల్లేనా తల్లీ?” అని గొణుగుతూనే ఆపేశారు. బొమ్మ గడగడా పరిగెత్తింది. మావయ్య పొంగిపోయారు. స్పీడు కచ్చితంగా రెట్టింపై ఉంటుంది! కానీ అది చూపించే గీతలే ఇప్పుడు లేవు. ఆ లెక్క ఒక్కసారి మళ్లీ పెట్టి చూద్దామా అంటే, పక్కగదిలో ఇంటర్వ్యూ మొదలైపోయింది. వేలు ఆగదని తెలిసి, ఫోన్ భార్య చేతిలో పెట్టారు.

“కాళ్లావేళ్లా పడ్డా పన్నెండింటిదాకా ఇవ్వకు.”

“మీ సంగతి నాకు తెలీదా!” అందావిడ.

అయిదు నిమిషాలకే వంటింటి గుమ్మంలో నిలబడి బతిమాలుతున్నారు. నిజం చెప్పండి, మీరైతే ఆ అయిదు నిమిషాలైనా ఆగేవారా?