రేకు ముసుగు కింది సందు

ఆ రోజుల్లో నాకు వయసు ఇరవై, అనుమానాలు అరవై. యుద్ధం ముగిసిన కొత్త. మదనపల్లెలో మోటారు షెడ్డు నడిపే మా మామ, బెంగుళూరులో మిలిటరీవాళ్ల వేలంలో ఒక పాత విమానం ఇంజను కొని, రైల్లో కుప్పం దాకా, అక్కణ్ణుంచి లారీమీద షెడ్డుకు తెప్పించాడు. దాంతో సొంతంగా విమానం కట్టి ఎగురుతానన్నాడు. ఊరు నవ్వింది. ఆయన మాత్రం వెదురు, గుడ్డ, జిగురు ముందేసుకుని కూర్చున్నాడు. నాకు తాళంచేతులిచ్చి కాపలా పెట్టాడు. (పరీక్ష తప్పిన మేనల్లుడికి అంతకంటే పెద్ద ఉద్యోగం ఎవరిస్తారు?) అప్పటినుంచి షెడ్డులోకి పిల్లి వచ్చినా దాన్ని ఎవరు పంపారా అని చూసేవాణ్ణి.

ఇంజనుకు ముసుగు చేయడానికి పుంగనూరునుంచి రేకుల సాయిబు వచ్చాడు. కిరసనాయిలు డబ్బాలు కత్తిరించి, ముందువైపు గాలి దూరడానికి గుండ్రటి కంత పెట్టాడు. బాగానే ఉంది. కానీ వెనకవైపు, అడుగున, చెయ్యి పట్టేంత సందు వదిలేశాడు. "ఇదేంది సాయిబూ?" అంటే, "అది ఉండాల్సిందేప్పా" అని బీడీ ముట్టించాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఎందుకుండాలి? చెయ్యి దూర్చి మరలు విప్పడానికా? రేకు మిగుల్చుకోవడానికా? సాయిబు ఊరికి పోగానే, ఎవరికీ చెప్పకుండా ఆ సందుకు రేకుముక్క వేసి టంకం పెట్టేశాను. రెండు వేళ్లు కాలాయి గానీ, విమానాన్ని కాపాడానన్న తృప్తి ముందు అదెంత!

విమానం పూర్తయి, ఎగిరి చూసేనాడు మామ బీడునేలమీద విమానాన్ని పరుగెత్తించాడు. చక్రాలు నేల వదలకముందే ముసుగులోంచి మాడిన నూనె వాసన, పొగ. ఇంజను మూలిగి ఆగిపోయింది. మామ దిగి నేలమీద కూలబడ్డాడు.

"నేనప్పుడే అనుకున్యా మామా, ఆ సాయిబు యాందో సేసినాడు" అన్నాను.

"రానీ వాణ్ణి! ఇంక ఈ తట్టు ఏ షెడ్డులోనూ రేకు ముట్టకుండా సేస్తా" అన్నాడు మామ.

కబురందుకుని సాయిబు మర్నాడే వచ్చాడు. తిట్లన్నీ నిలబడి విన్నాడు. తర్వాత విమానం కిందికి దూరి, వేలితో తడిమి చూశాడు.

"ఈ అతుకు నాది కాదప్పా. ఇంత అసయ్యంగా మా సిన్నోడు గూడా పెట్టడు. పొయ్యి ఊదితే సాలునా, పొగ పోయే దోవ వద్దా? ముందర దూరిన గాలి ఇంజను వేడిని ఎత్తుకోని ఈడినించే పోవాల. దోవ మూసేస్తే లోపలే ఉడుకుతాది."

"మరి మూసిందెవురు?" ఉరిమాడు మామ.

సాయిబు కళ్లు నా వేళ్లకున్న గుడ్డకట్టు మీద ఒక్క క్షణం ఆగాయి. నేను ఆకాశంలో ఏదో వస్తున్నట్టు పైకి చూశాను.

"ఎవురైతేనేం లేప్పా. తీసేస్తే సరి" అంటూ ఆయన కత్తెర అందుకున్నాడు.

ఇంజను చల్లారి, నూనె మార్చాక, ఆ సాయంత్రం మామ మనిషెత్తు లేచి పక్క శెనక్కాయల చేలో దిగాడు. జనం కేకలు పెట్టారు. మామ సాయిబును కావిలించుకున్నాడు. నేను సాయిబు సంచి మోసుకుంటూ బస్సుదాకా వెళ్లాను. "సాయిబూ..." అన్నాను. ఆయన తిరిగి చూస్తే, సంచి చేతికందించాను.

ఆయన బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఈసారి యాడన్నా మూయాలంటే నాకు కబురు పెట్టప్పా. సక్కగా మూస్తా."

ఊరందరినీ అనుమానించడానికి ఆడిన నాలుక, ఒక్క మనిషిని క్షమించమనడానికి ఆడలేదు. ఆ ఇరవయ్యేళ్లవాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. బస్సు కదిలిన చోటికి వచ్చేసరికి మాత్రం సిగ్గేస్తుంది.