కసిల్దా మూడు పూటల నడక

రోజుకో గంట నడవమని డాక్టరు చెప్పిన రోజున కసిల్దా ఆయన్ని ఎగాదిగా చూసింది. "నలభై ఏళ్ళు మార్కెట్లో నిలబడి చేపలమ్మాను బాబూ. నా కాళ్ళ వంతు అయిపోయింది. కుర్రాడివి, నడిస్తే నువ్వు నడువు" అని, చీటీ మడిచి సంచీలో పడేసుకుని వచ్చేసింది. మా మెరిదా ఊళ్ళో రక్తంలో కొవ్వున్న ముసలీ ముతకా అంతా తెల్లారగానే రోమను వంతెన మీద అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూ ఉంటారు. ఆ దారిని అందరూ కొలెస్టరాల్ దారి అనే అంటారు. కసిల్దా వంతెన మొదట్లో ఉన్న చురోస్ కొట్లో కూర్చుని, వేడి చాక్లెట్‌లో నూనెలో వేగిన చురోస్ కడ్డీలు ముంచుకు తింటూ, వాళ్ళని పేరుపేరునా వెక్కిరించేది.

అలాంటి కసిల్దా ఈ చలికాలంలో రోజుకు మూడు పూటలా నడవడం మొదలుపెట్టింది. డాక్టరు మళ్ళీ రక్తం తీయించి చూసి మురిసిపోయాడు. "ఏం మార్చారమ్మా, తిండా?" అని అడిగితే, "ఏమీ మార్చలేదు, బరువు తగ్గించుకుంటున్నాను" అంది. ఆ మాటలో అబద్ధం లేదు. ప్రతి నడకలోనూ ఆవిడ నాలుగు కిలోల బరువు దింపుకునే వస్తోంది. ఆ బరువు ఆవిడ ఒంట్లోది కాదు, జేబుల్లోది.

సంగతి ఏమిటంటే, ఆవిడ మొగుడు సతుర్నీనో కిందటేడు పెరట్లో నిమ్మచెట్టు కొమ్మలు కొడుతూ నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచీ ఆయన మంచం కింది గదిలో. బాత్రూం మేడ మీద. మధ్యలో పదిహేడు మెట్లు. పక్కింటి లియాండ్రో, రొట్టెల బట్టీ నడిపి మానేసిన మనిషి, పిండి మూటలు మోసిన వీపు మీద ఆయన్ని పొద్దునా సాయంత్రం పైకి మోసుకెళ్ళి దించుతున్నాడు. మధ్యలో అవసరమైతే మంచం కింద గిన్నె. ఆ గిన్నె తీసేటప్పుడు సతుర్నీనో గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నలభై ఆరేళ్ళ కాపురంలో కసిల్దా ఆయన్ని చాలా రకాలుగా చూసింది గాని, గోడ వైపు తిరగడం మాత్రం ఎన్నడూ చూడలేదు.

అందుకని పెరట్లో ఓ మూల చిన్న బాత్రూం కట్టించాలని పట్టుబట్టింది. పైపులవాడు వచ్చి కొలతలు తీసి, నిలువెత్తు గొయ్యి కావాలన్నాడు. అక్కడ వచ్చింది చిక్కు. మా ఊళ్ళో ఎక్కడ తవ్వినా రోమనుల కాలం నాటిదేదో బయటపడుతుంది గనక, పార నేలకు తగిలించాలంటే తవ్వకాల ఆఫీసు అనుమతి కావాలి.

"దరఖాస్తు పెడదామా?" అన్నాడు లియాండ్రో.

"పెట్టు. నీ ముని మనవడి పెళ్ళికి పూర్తవుతుంది" అంది ఎదురింటి నియేవెస్.

నియేవెస్ బట్టలు కుట్టే మనిషి. ఊరికే అనలేదు ఆ మాట. ఆరేళ్ళ కిందట వంటింట్లో పైపు మార్చబోతే రోమనుల గోడ ఒకటి తల ఎత్తింది. అప్పటినుంచీ వంటింటి మధ్యలో తవ్వకాలవాళ్ళు పూడ్చనివ్వని గొయ్యి, దాని మీద టార్పాలిన్ పట్టా. ఆవిడ హాల్లో టీవీ పక్కన పొయ్యి పెట్టుకుని వండుకుంటోంది. "ఆ వెధవ ఎవడో గాని, ఊరంతా ఉండగా నా పొయ్యి కిందే కట్టుకోవాలా ఇల్లు" అని రెండు వేల ఏళ్ళ కిందటి మనిషిని రోజూ తిట్టుకుంటుంది.

దొంగతనంగా తవ్వేయాల్సిందే అని ముగ్గురూ తేల్చుకున్నారు. సతుర్నీనో ఒప్పుకోడని భయం. ఎందుకంటే ఆయన ముప్ఫై రెండేళ్ళు ఆ తవ్వకాల్లోనే కూలీ. మా ఊళ్ళో రోమనులు వదిలి వెళ్ళిన దాంట్లో సగం తన పార కిందే బయటపడిందని ఆయన చెబుతాడు. మిగతా సగం తను సెలవులో ఉన్నప్పుడు బయటపడిందట. ఓసారి ఆయన చొక్కా మడతలో ఇరుక్కుని ఒక గాజుపూస ఇంటికొస్తే, తినే అన్నం వదిలేసి ఎండలో వెనక్కి వెళ్ళి ఇచ్చొచ్చిన రకం.

అలాంటివాడు దుప్పటి అంచు నలుపుతూ, "తవ్వండి. కాని ప్రతి బకెట్టూ నా చేతి మీదుగా పోవాలి. ఏదైనా కనబడిందా, ఆ క్షణమే పార కింద పెట్టేయాలి" అన్నాడు. కసిల్దా ఆయన నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆయన తుడిచేసుకున్నాడు.

లియాండ్రో తవ్వేవాడు. సతుర్నీనో ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, బకెట్టు మట్టిని గుప్పెడు గుప్పెడుగా వేళ్ళ మధ్య జార్చి, "ఏమీ లేదు, పారబోయండి" అనేవాడు. ఎక్కడ పారబోయాలి? వీధి చెత్తకుండీలో మట్టి కనబడితే ఊరంతటికీ విషయం అర్థమైపోతుంది. అక్కడ నియేవెస్ బుర్ర పనిచేసింది. ముగ్గురికీ ప్యాంట్ల లోపల మోకాలి దాకా పొడుగు జేబులు కుట్టింది. అడుగున చిల్లు, దానికో ముడి, నడుము దాకా దారం. దారం లాగితే ముడి వీడి, మట్టి కాలి వెంట సన్నగా కారిపోతుంది.

పొద్దున వంతెన, మధ్యాహ్నం కొంగలు గూళ్ళు పెట్టిన పాత నీటి వంతెన కింద, సాయంత్రం కోటగోడ వెంట నది ఒడ్డున. ఎత్తూ పల్లం లేని దారులే. ఐదేళ్ళ పిల్ల కూడా నడిచేయగలదు, జేబుల్లో మట్టి లేకపోతే. తోటి నడకవాళ్ళు ఎదురై, "ఏం కసిల్దా, అలా బాతులా నడుస్తున్నావు?" అంటే, "మోకాళ్ళమ్మా" అనేది. తిరిగొచ్చేటప్పుడు చెంగుచెంగున వచ్చేది. "చూశారా, నడక ఎంత పనిచేస్తుందో" అని వాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు. ఎక్కువ మట్టి మాత్రం వంతెన మధ్యలోంచి దిగే లంకలో, పార్కు గులాబీ మళ్ళల్లో పడేది. అక్కడ నేల ఎప్పుడూ గుల్లగా ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. లియాండ్రో ఒక్కడే ఒకనాడు కొంప ముంచబోయాడు. చురోస్ కొట్లో చేతిరుమాలు అనుకుని దారం లాగేశాడు. కొట్టువాడు నేల వంక చూసి, లియాండ్రో మొహం వంక చూసి, "ఒంట్లో బాగాలేదా?" అని మెల్లగా అడిగాడు.

ఇలా రెండు నెలలు గడిచింది. గొయ్యి నడుము లోతు దాటింది. ఫిబ్రవరిలో రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దున, ముగ్గురూ జేబులు నింపుకుని లంకలోకి దిగేసరికి, గులాబీ మళ్ళ చుట్టూ పసుపుపచ్చ రిబ్బను కట్టి ఉంది. లోపల అరసేలి, తవ్వకాల ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని బ్రష్షుతో దేన్నో తుడుస్తోంది. వాన కడిగిన మట్టిలో ఎర్రటి నున్నటి పెంకులు మెరుస్తున్నాయి.

"ఏంటమ్మా ఇది, దారి మూసేశారు?" అంది కసిల్దా.

"దాటకండి పెద్దమ్మా. రోమనుల కాలంలో ఇక్కడ ఇల్లుండేది. అలాంటిలాంటి ఇల్లు కాదు. ఈ పెంకు చూడండి, గొప్పవాళ్ళ భోజనాల బల్ల మీది సామాను. లంకలో ఇల్లుందని ఇప్పటిదాకా ఎవరికీ తెలీదు. నేనే కనిపెట్టాను. మా నాన్నకి ఫోన్ చేసి కూడా చెప్పేశాను." ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "గులాబీలన్నీ తీసేయాలి. లంకంతా తవ్వాలి."

"ఆ గొప్పిల్లు నా ప్యాంటులోంచి పడింది" అని లియాండ్రో గొణిగాడు. నియేవెస్ నోటికి చేయి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నట్టు నటించింది. కసిల్దాకు మాత్రం నవ్వు రాలేదు. నిండు జేబులతోనే ఇంటికొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"నూట నలభై బకెట్లు చూశావు. ఏమీ లేదన్నావు."

"అన్నాను."

"కళ్ళు కనబడటం మానేశాయా?"

"నీకంటే బాగానే కనబడుతున్నాయి" అన్నాడు సతుర్నీనో. "క్రిస్మస్ ముందు నుంచే వస్తున్నాయి. మంచి సామాను. ఒకదాని మీద కుందేలు బొమ్మ ఉంది."

"కుందేల్ని పారబోయించావా నువ్వు?"

"పారబోయించాను."

కసిల్దా మంచం అంచున చతికిలబడింది.

"లియాండ్రో ఒకరోజు నన్ను మోస్తూ తొమ్మిదో మెట్టు మీద ఆగిపోయాడు, ఊపిరందక" అన్నాడు సతుర్నీనో, దుప్పటి వంక చూస్తూ. "ఆగి, ‘ఏమనుకోకు సతుర్నీనో’ అన్నాడు. నన్ను మోసేవాడు నన్ను ఏమనుకోవద్దంటున్నాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం తర్వాత మంచినీళ్ళు తాగడం మానేశాను. తర్వాత రెండు రోజులకి మొదటి పెంకు తగిలింది. ఏమీ లేదన్నాను."

కసిల్దాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఆవిడ తిడుతుంది. "మొండి ముసలాడా, నీళ్ళు మానేసి నువ్వు పోతే ఇంట్లో నేనెవర్ని తిట్టుకోను?" అంటూ గ్లాసుడు నీళ్ళు తెచ్చి, ఎదురుగా నిలబడి తాగించింది.

తాగి ఆయన, "వెళ్ళి ఆ పిల్లని పిలుచుకురా" అన్నాడు.

"పిలిస్తే నీ బాత్రూం పోతుంది."

"పోతుంది. పిలవకపోతే లేని ఇంటిని ఉందని రాస్తుంది ఆ పిల్ల. ముందు పొగుడుతారు, తర్వాత లంకంతా తవ్వి ఏమీ దొరక్క దాన్ని నవ్వులపాలు చేస్తారు."

"ఈ నీతి ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"ప్రతి బకెట్టుకీ గుర్తొచ్చింది. నోరు రాలేదు."

కసిల్దా వెళ్ళనంటే వెళ్ళనంది. పుస్తకంలో ఓ ఇల్లు ఎక్కువైతే ఎవడికి నష్టమంది. రొట్టె తేవాలని బయల్దేరింది. రొట్టెల కొట్టు ఎడమ చేతి వైపు. ఆవిడ కుడి చేతి వైపు తిరిగి, తనని తనే తిట్టుకుంటూ వంతెన దాకా నడిచి, లంకలోకి దిగింది. సన్నగా తుంపర పడుతోంది. అరసేలి ఒక్కో గులాబీ మొక్కని వేళ్ళతో సహా తీసి జాగ్రత్తగా గోనెలో చుడుతోంది.

"అమ్మాయ్, ఆ ఇల్లు అక్కడ లేదు."

"మరెక్కడుంది?" అంది అరసేలి నవ్వుతూ.

"మా పెరట్లో. ఇదిగో, ఇలా వచ్చింది" అని కసిల్దా రెండు దారాలూ ఒక్కసారే లాగింది. నాలుగు కిలోల మట్టి బూట్ల మీద కుప్ప పడింది. అందులో ఎర్ర పెంకు ఒకటి దొర్లి అరసేలి మోకాలికి తగిలి ఆగింది.

అరసేలి దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత బురదలోనే కూలబడి, "మా నాన్నకి ఏం చెప్పను?" అంది. కసిల్దా పక్కనే కూర్చుని ఆ పిల్ల వీపు నిమిరింది.

ఇద్దరూ ఇంటికొచ్చేసరికి సతుర్నీనో తల దువ్వుకుని కూర్చున్నాడు. అరసేలి కోపంగా ఉంది. "మట్టిని ఎక్కడిదక్కడ ఉంచకపోతే ఏం మిగులుతుందో మీకంటే ఎవరికి తెలుసు? మీరా ఈ పని చేసింది?" అంది. ఆయన మంచం పక్క గోడకి వేలాడుతున్న దుప్పటి పక్కకి లాగాడు. గోడ నిండా పెన్సిలు గీతలు. వరసగా నూట నలభై. ప్రతి గీత కిందా ఎంత లోతు, ఏ మూల, మట్టి నలుపా ఎరుపా. పెంకు వచ్చిన చోట సున్నా. ఒక సున్నాలో రెండు పొడుగు చెవులు.

అరసేలి గోడకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళి చదివింది. "అబద్ధమాడుతూ లెక్క రాసుకున్నారా?"

"చెయ్యి ఊరుకోలేదమ్మా" అన్నాడు ఆయన.

ఆఫీసు నుంచి ఒక కాగితమూ, దానికి తగ్గ చీవాట్లూ వచ్చాయి. నియేవెస్ వాటిని నిలబడి వింది, లియాండ్రో తల వంచుకుని విన్నాడు, కసిల్దా మధ్యలో రెండుసార్లు అడ్డం మాట్లాడింది. గోతి అడుగున రంగురాళ్ళు పొదిగిన నేల అంచు కనబడుతోంది గనక పెరడంతా ఇక తవ్వకాలవాళ్ళది. బాత్రూం మాట ఎత్తడానికే లేదు. సోమవారం నలుగురు పనివాళ్ళు పారలూ జల్లెళ్ళూ పట్టుకుని దిగారు. వాళ్ళ వెనకాల, నిలబెట్టిన బీరువా అంత నీలం ప్లాస్టిక్ డబ్బా ఒకటి, తోపుడు బండి మీద ఊగుతూ లోపలికొచ్చింది.

"అదేంటి?" అంది కసిల్దా.

అరసేలి ఇబ్బంది పడింది. "పనివాళ్ళ బాత్రూం, పెద్దమ్మా. తవ్వే చోట ఒకటి ఉండి తీరాలని రూలు. మీ పెరట్లో పెట్టక తప్పదు. రోజూ శుభ్రం చేయిస్తాను. ఆ చివరి మూల పెట్టిస్తాను, మీకు కనబడకుండా."

కసిల్దా గుమ్మంలోంచి మంచం మీది మొగుడి వంక చూసింది. మొగుడు గది పైకప్పు వంక చూస్తున్నాడు.

"రూలు రూలే కదమ్మా, ఏం చేస్తాం" అంది కసిల్దా నిట్టూర్చి. "అంత దూరం ఎందుకులే పాపం, పనివాళ్ళకి. ఇదిగో, ఈ గుమ్మం పక్కనే పెట్టించు. మేం ఓర్చుకుంటాం."

"ఎన్నాళ్ళు పట్టొచ్చు?" అని మంచం మీంచి అడిగాడు సతుర్నీనో.

"ఎనిమిది నెలలు. ఇంకా త్వరగా ముగించడానికే చూస్తాను పెద్దాయనా."

"వద్దు" అన్నాడు ఆయన గట్టిగా. "త్వరపడితే పొరలు పాడవుతాయి. నెమ్మదిగా పోవాలి. ఏడాదిన్నరకి తక్కువైతే నేనొప్పుకోను."

సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక లియాండ్రో మామూలుగా వచ్చి, మంచం ముందు వీపు వంచి నిలబడ్డాడు. సతుర్నీనో ఆ వీపుని చేత్తో పక్కకి నెట్టి, చేతికర్ర ఊతంగా లేచాడు. మంచం నుంచి గుమ్మానికి పది అడుగులు, గుమ్మం నుంచి డబ్బాకి రెండు. పన్నెండు అడుగులకీ చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం పట్టలేదు, పట్టనివ్వలేదు. లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. గడియ పడిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

"లోపల పడిపోతేనో?" అన్నాడు లియాండ్రో.

"పడితే తలుపేసుకుని పడతాడు" అంది కసిల్దా. లియాండ్రో చొక్కా పట్టుకుని, లోపలి అలికిడేదీ వినబడనంత దూరం, నిమ్మచెట్టు అవతలకి లాక్కుపోయింది.