ఇగో అని పిలిచిన సారు

మా కంప్యూటర్ సారు పోయారు. ఫోన్ వచ్చినప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు చూస్తున్నాను. గద్వాల నుంచి సారు అన్న కొడుకు చేశాడు.

"అక్కా, చిన్నాయన పొద్దుగాల పోయిండు."

"పెద్దమ్మ ఎట్లుంది?" అన్నాను. సారు భార్యను మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం.

"మంచం కాడికెల్లి లేస్తలేదు. నీకైతే చెప్పమన్నది."

గది నిండా పిల్లలు టైపు చేస్తున్నారు. కీబోర్డుల చప్పుడు చెవుల్లో హోరెత్తుతోంది. అందరూ ఒక్కసారి ఆపండి అని అరవాలనిపించింది. ఆ పిల్లలకేం తెలుసు. పక్క మేడంకు పని అప్పజెప్పి బస్సెక్కాను. మంచివాళ్లను దేవుడు తొందరగా పిలుచుకుంటాడని బస్సులో పక్కనున్నామె ఓదార్చబోయింది. ఆ మాట వినే ఓపిక నాకు లేదు. మా సారును దేవుడు పిలుచుకోలేదు, బీడీలు తీసుకుపోయాయి.

గద్వాలలో ఒక పురుగుమందుల దుకాణం పైన ఆయన కంప్యూటర్ సెంటర్. ముందు గదిలో పాత కంప్యూటర్లు, వెనక రెండు గదుల్లో వాళ్ల కాపురం. కింది నుంచి మందుల వాసన ఎప్పుడూ వస్తూనే ఉండేది. గట్టు అనే ఊరి నుంచి, వడ్డేపల్లి నుంచి, పేరు చెబితే ఎవరికీ తెలియని పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లం. నేను గట్టు పిల్లను. విత్తనం కోసం వేసే సీడు పత్తి చేన్లలో మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దే పనికి పోయి, వేళ్ల కొనలు పచ్చబడిన చేతులతో ఆ మెట్లెక్కాను. ఆ చేతులు చూసి సారు మొహం చిట్లించలేదు. "కడుక్కొని రా పిల్లా, మౌసు జారుతది" అన్నారు అంతే.

మొదటి రోజు ఎవరినీ కంప్యూటర్ ముట్టనిచ్చేవారు కాదు. ఒకరిని లేపి అందరి ముందూ నిలబెట్టేవారు. "ఈమెనే కంప్యూటర్ అనుకోండ్రి. కన్ను, చెవి ఏం చేస్తయి? బయటి సంగతి లోపటికి తీస్కపోతయి. అది ఇన్‌పుట్. నోరు ఏం చేస్తది? లోపటిది బయటేస్తది. ఔట్‌పుట్. కీబోర్డు, మౌసు, మైకు, స్కానరు, గివన్నీ చెవి పార్టీ. మానిటరు, ప్రింటరు, స్పీకరు నోటి పార్టీ."

మా బ్యాచ్‌లో ఒకడు ఊరుకోలేదు. "సార్, అన్నం నోట్లకెల్లే లోపటికి పోతది గదా?"

సారు పగలబడి నవ్వారు. "నోరు రెండు దిక్కుల పనిచేస్తది రా. గందుకే కొట్లాటలన్నీ దానికాన్నే మొదలైతయి." తర్వాత టచ్ ఫోన్లు వచ్చినప్పుడు, చూపించేదీ తాకితే వినేదీ ఆ తెరే కాబట్టి, దానికి నోరున్న చెవి అని పేరు పెట్టారు.

నాకు మౌసు చాలా రోజులు లొంగలేదు. బల్ల అంచుదాకా లాక్కుపోయి, ఇక చోటు లేక బిక్కమొహం వేసేదాన్ని. "బర్రెను తోలుతున్నవా? ఎత్తి మళ్ల మొదట్ల పెట్టు" అనేవారు. ప్రింటరు కాగితం మింగి మొరాయిస్తే దాని ముందు కూర్చుని బుజ్జగించేవారు. "లోపట ఎంతున్నా బయటికి రాకుంటే లేనట్టే" అని అప్పుడు అనేవారు. ప్రింటరు గురించే అనేవారు.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం కంప్యూటర్ డబ్బా వెనకవైపుది. అక్కడ రంగురంగుల రంధ్రాలు ఉంటాయి. ఆకుపచ్చ దానిలో స్పీకరు వైరు, గులాబీ దానిలో మైకు వైరు పెట్టాలి. "పచ్చది ఇనిపిస్తది, గులాబిది ఇంటది." ఎవరైనా మైకును పచ్చదాంట్లో పెడితే వెంటనే చెప్పేవారు కాదు. "ఊ, మాట్లాడు. మీ ఊరి సంగతులు చెప్పు" అని ఉసిగొల్పేవారు. పాపం ఆ పిల్లో పిల్లాడో ఊరు, పేరు, చేను, బర్రె అన్నీ చెప్పుకున్నాక, మాట పడితే ఎగుడుదిగుడు కావాల్సిన గీత తెర మీద చదునుగా ఉండటం చూపించేవారు. "పొద్దుందాక మొత్తుకున్నా దానికి ఇనబడదు. ఎన్క చూసుకో." మేమంతా ఒక్కసారైనా ఆ గీత ముందు నవ్వులపాలైనవాళ్లమే.

బీడీ మాత్రం గదిలో తాగేవారు కాదు. కంప్యూటర్లకు పొగ పడదని మెట్ల మీదికి పోయి తాగి వచ్చేవారు. పాత మానిటర్ల మీద ఉన్న దయలో సగం తన గొంతు మీద ఉంటే, నేనిప్పుడు ఇది రాయాల్సి వచ్చేది కాదు.

పెద్దమ్మకు అక్షరం ముక్క రాదు. పొద్దున కూలికి పోయి, వచ్చాక వండి, సాయంత్రం మానిటర్ల మీద తన పాత చీరలు కప్పేది. ఆ తెరల మీద ఏముందో ఆమె ఎప్పుడూ అడగలేదు. వాళ్లకు పిల్లల్లేరు. మా వైపు పాతతరంలో మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు, పెళ్లాం మొగుడి పేరు నోటితో అనదు. సారు ఎంత కంప్యూటర్ చదివినా ఈ విషయంలో వాళ్ల నాయన లాంటివారే. పాఠం మధ్యలో ఆగి, గోడవైపు తిరిగి "ఇగో..." అనేవారు. ఇ పొట్టిగా, గో పొడుగ్గా, చివర కొద్దిగా పైకి లేపి. లోపలి నుంచి "ఆఁ" అని వచ్చేది. అంతే, చాయ్ కావాలో నీళ్లు కావాలో ఆ సాగదీతలోనే ఆమెకు తెలిసిపోయేది. కొత్తగా చేరిన ఒకమ్మాయి అదే ఆమె పేరనుకుని "ఇగో ఆంటీ" అని పిలిచింది కూడా. పెద్దమ్మ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

నేను చదువు ముగించి అక్కడే పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లోనే సారు గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, దుమ్మన్నారు. చివరికి హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో తేల్చి చెప్పారు. గొంతులోని మాట పెట్టెను తీసేయాలి. మెడ కింద రంధ్రం పెడతారు, ఇక ఊపిరి అక్కడి నుంచే. మాట ఉండదు.

తిరిగొచ్చి క్లాసులో నిలబడి మాకు చెప్పారు. "నాది ఔట్‌పుట్ తీసేస్తరంట. ఇన్‌పుట్ మంచిగనే ఉంటదంట." ఎవరూ నవ్వలేదు. పిల్లలు పోయాక నాతో మెల్లగా అన్నారు. "నేను రాసి చూపిస్తే నువ్వు చదువుతవు. దుకాణపాయన చదువుతడు. ఆమె ఎట్ల బిడ్డా? ఆమెకు చదువొస్తే నాకింత ఫికర్ లేకుండె."

ఆయన భయమంతా అదొక్కటే. చావు గురించి నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

ఆపరేషన్‌కు పోయే ముందురోజు సాయంత్రం అందరినీ బయటికి పంపి తలుపేసుకున్నారు. తన గొంతును చిన్న చిన్న మాటలుగా రికార్డు చేసి పెట్టుకుంటారట. ఒక్కో మాటకు కీబోర్డు మీద ఒక్కో మీట. నొక్కితే ఆ మాట వస్తుంది. ఫోన్‌లో చేసుకోండి సార్ అంటే "ఫోన్ల గాలి సప్పుడొస్తది. మైకే నయం" అన్నారు. మేం మెట్ల మీద కూర్చున్నాం. లోపలి నుంచి ఆ బొంగురు గొంతు వినబడుతూనే ఉంది. తిన్నవా. జర నీళ్లియ్యి. కరెంటొచ్చిందా. ఇగ పండుకో. మధ్యమధ్యలో, ఒక్కోసారి ఒక్కో తీరుగా, "ఇగో..." వంటింట్లో ఉన్న పెద్దమ్మకు సంగతి తెలియదు. పిలిచినప్పుడల్లా "ఆఁ... ఏంది? ఆఁ, చెప్పు" అని గోడ అవతలి నుంచి పలుకుతూనే ఉంది. సారు తలుపు తీసి బయటికొచ్చి, "ఆమె పలుకుడు గూడ దాంట్ల వడ్డట్టుంది" అని నవ్వారు. ఎట్లొచ్చిందో వినిపించమన్నాం. తన బొంగురు గొంతు తాను వినలేనన్నారు.

ఆపరేషనై వచ్చారు. మెడ కింద రంధ్రం, దాని మీద తెల్లటి పల్చని బట్ట. కాస్త కోలుకున్నాక ఒకరోజు కంప్యూటర్ ముందు కూర్చుని, పెద్దమ్మను పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకున్నారు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. మీట నొక్కారు. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కారు. లేదు. లేచి డబ్బా వెనక్కి పోయి చూశారు. స్పీకరు వైరు ఊడి నేల మీద పడి ఉంది. పచ్చ రంధ్రంలో మైకు ఉంది.

అంతేనా, స్పీకరు పెడితే సరి అనుకున్నాం మేము. సార్‌కు అప్పుడే అర్థమైపోయింది, ఆ సాయంత్రమంతా మైకు పచ్చదాంట్లోనే ఉంది, ఒక్క మాటా పడలేదు. గోడవైపు తిరిగి పిలిచిన ఆయన తెర మీది గీత చూసుకున్నట్టు లేరు. ఆయన అక్కడే, వైర్ల మధ్య, నేల మీద కూర్చుండిపోయారు. ఎవరో స్పీకరు వైరు పెట్టి మళ్లీ నొక్కారు. ఏమీ రాలేదు. తెర మీద గీత చదునుగా పోతూనే ఉంది.

"ఏమైంది? నీ గొంతేది?" అని పెద్దమ్మ అడిగింది. చెప్పాల్సినవారికి నోరు లేదు. నోరున్న మాకు చెప్పడం చేతకాలేదు.

మా ఫోన్లన్నీ వెతికాం. ఒక పెళ్లి వీడియోలో సారు నవ్వుతూ ఏదో అంటున్నారు, డీజే మోతలో వినబడదు. వాట్సాప్‌లో కొన్ని దొరికాయి. రేపు క్లాసు లేదు. బస్సు బందుంది, రాకుండ్రి. అన్నీ మాకు చెప్పిన మాటలే. ఇంట్లో భార్యను పిలిచిన పిలుపు ఎవరి ఫోన్‌లో ఉంటుంది?

చివరికి తెలుగు టైపు చేస్తే చదివే సాఫ్ట్‌వేర్ వేశాను. దానిలో ఉన్నది ఆడగొంతు. శుభ్రంగా, తడబడకుండా చదువుతుంది. సారు "తిన్నవా" అని కొడితే అది అడిగేది. పెద్దమ్మ పలికేది కాదు. "ఎవరిదో గొంతుకు నేనెట్ల పలుకుత? వార్తలు చదివినట్టున్నది" అనేది. సారు "ఇగో" అని కొట్టి చూశారు. గో పక్కన ఓలు చేర్చి, చుక్కలు పెట్టి, రకరకాలుగా రాసి చూశారు. ఒక్కటీ ఆ తీరున రాలేదు. అది మంత్రి పేరు చదివినట్టు చదివేది. ఆయన టైపు చేసి, చేసి, వంటింటి వైపు చూసేవారు. అటు నుంచి ఆఁ వచ్చేది కాదు. అది చూడలేక నేను చాలాసార్లు కిందికి దిగిపోయాను.

ఒక మధ్యాహ్నం విసిగిపోయారేమో, ఆమె పేరు కొట్టారు. ఆ ఆడగొంతు పెద్దమ్మను పేరు పెట్టి పిలిచింది. పెద్దమ్మ చేతిలో చేటతోనే గడపలోకి వచ్చి నిలబడింది. మొహం ఎర్రబడింది.

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు పేరు వెట్టి పిలువలేదు నువ్వు. ఇయ్యాల ఎవరో ఆడామె నోటితోని పిలిపిస్తవా?" అంటూ ఏడ్చింది. సారు కీబోర్డు మీది నుంచి చేతులు తీసేశారు. వంగి స్పీకరు వైరు పీకేశారు.

ఆ తర్వాత మరో దారి దానంతటదే పడింది. స్పీకరు లేకపోయినా ఆయన ఏదో ఒకటి టైపు చేస్తూనే ఉండేవారు. పాత కీబోర్డు, మోత ఎక్కువ. ఒకరోజు పొడవు మీటను, అదే స్పేస్‌బార్‌ను, రెండుసార్లు గట్టిగా కొట్టారు. టక్, టక్. లోపలి నుంచి "ఆఁ" అని వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. సారు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. కీబోర్డు చెవి పార్టీ అని మాకు నేర్పిన మనిషికి అదే నోరైంది. చిన్నగా కొడితే నీళ్లు, గట్టిగా కొడితే చాయ్, కొట్టి కొట్టి ఆపకపోతే ఊరికే ఆటపట్టించడం. కొన్ని నెలలు వాళ్లిద్దరూ అట్లా మాట్లాడుకున్నారు.

అది కూడా నిలవలేదు. రోగం మళ్లీ వచ్చింది. సారు మంచం పట్టారు. నేను అప్పటికి పెళ్లై వనపర్తి పోయాను, వీలైనప్పుడు వెళ్లి చూసేదాన్ని. కీబోర్డును మంచం మీద చెయ్యి పక్కనే పెట్టింది పెద్దమ్మ. ఆయన వేలు మీట మీద ఆనించి ఉంచేవారు, నొక్కే బలం లేదు. "సప్పుడు చేస్తలేడు బిడ్డా" అంది పోయిన నెల. "నేను వంటింట్ల ఉంటే మనిషి ఉన్నడో లేడో ఎట్ల తెల్వాలె?" కూరగాయల పీట, బియ్యం చేట, గ్యాసు పొయ్యి, అన్నీ మంచం దగ్గరికే జరుపుకుంది.

నేను చేరేసరికి పాడె లేస్తోంది. శ్మశానం దారిలో సగం దూరాన పాడె దించుతారు, దాన్ని దింపుడు కళ్లం అంటాం. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందేమోనని అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలిచే చోటు అది. ఆడవాళ్లం అక్కడిదాకే. అన్న కొడుకు వంగి "చిన్నాయనా" అని మూడుసార్లు పిలిచి, కళ్లు తుడుచుకుంటూ లేచాడు. మోసేవాళ్లు వంగారు.

"ఆగుండ్రి" అంది పెద్దమ్మ.

వచ్చి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది. ఆయన చెవికి నోరానించి, పేరు పెట్టి పిలిచింది. ఇంటిపేరుతో సహా, అందరికీ వినబడేటట్టు, మూడుసార్లు. పెద్ద మనుషులు తలలు పక్కకు తిప్పుకున్నారు. పిలిచాక లేవలేదు. మెడ మీది బట్ట పక్కకు జరిపి, ఆ రంధ్రానికి తన చెవి ఆనించి, కళ్లు మూసుకుంది.

డప్పులు ఆగాయి. మోసేవాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారు.